శ్రీ పరిధీశ్వర వైభవం

సకల న్యాయస్థాన శిఖర కలశాయమానులు, సమస్త కార్యాలయ ద్వార మకరతోరణ విరాజితులు, గీసిన గీత దగ్గర కాలి బొటనవేలు ఆనించి నిలబడి, అవతల పిడుగు పడ్డా గీత దాటని మర్యాదాపురుషోత్తములు అయిన శ్రీశ్రీశ్రీ అధికార పరిధి వారి పాదపద్మాలకు కువైట్ దేశం, అహ్మదీ గవర్నరేట్, షుఐబా పారిశ్రామిక వాడలో ఒక గోదాముకు లెక్కలు రాసుకుని బతికే అల్పుడు సాష్టాంగపడి చేసుకునే విన్నపం. స్వామీ, మన పురాణాల్లోని దేవుళ్ళందరికీ ఒక బలహీనత ఉంది. పిలిస్తే వచ్చేస్తారు. మడుగులో ఏనుగు మొర పెట్టుకుందని వైకుంఠం నుంచి ఒకాయన ఉన్నపళాన బయల్దేరాడు. ఆ మడుగు ఏ మండలం కిందికి వస్తుందో, మొసలి మీద ఫిర్యాదు ఏ ఠాణాలో నమోదు కావాలో, ఏనుగు ఆ అడవిలో మామూలుగా నివసిస్తోందా లేక నీళ్ళు తాగడానికి వచ్చి తాత్కాలికంగా ఉందా అన్నది విచారించిన పాపాన పోలేదు. తమరు అలాంటి తొందరపాటు ఎరగరు. తమరికి భక్తసులభులు అన్న అపకీర్తి ఇంతవరకూ అంటలేదు.

కాసుల పురుషోత్తమ కవికి శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు దొరికాడు. ఆయనను పొగడబోతే గుడి ఫలానా ఊళ్ళో ఉందని, స్వామి ఫలానా గర్భగుడిలో ఉన్నాడని చిరునామా చెప్పే వీలుండేది. నాకు దక్కిన స్వామి అంతకంటే సూక్ష్మరూపులు. ఏ తలుపు తట్టినా తమరు పక్క తలుపు లోపలే ఉన్నారని చెబుతారు. ఇంతటి సర్వవ్యాపకత్వం వేదాంతులు బ్రహ్మానికి అంటగట్టారు గానీ, కళ్ళారా చూసింది మాత్రం మా బోటివాళ్ళమే.

షుఐబా గురించి తమరికి కొత్తగా చెప్పాల్సింది లేదు. ఓడరేవు ఉంది. 1968లో వెలిగి 2017లో ఆరిన పాత రిఫైనరీ ఉంది. దాని పొరుగున మీనా అబ్దుల్లా రిఫైనరీ మంటలు రాత్రంతా ఆకాశాన్ని కాస్తూ ఉంటాయి. ఇక్కడ మా గోదాములో తమరి ధర్మం అక్షరాలా అమలవుతుంది. ఓడ దిగిన ప్రతి కంటెయినర్‌కూ ఒక నంబరు, ఒక సరుకు రవాణా పత్రం (బి.ఎల్.), ఒక యజమాని, ఒక గమ్యం ఉంటాయి. కాగితం తప్పిపోయిన కంటెయినర్ వచ్చిందనుకోండి, దాన్ని ఎవరూ ఎడారిలోకి తోసెయ్యరు. కంచె లోపల నీడన పెడతాం, సీలు సరిచూస్తాం, రోజుకింతని డెమరేజీ లెక్కగడతాం, యజమాని కోసం ఎదురుచూస్తాం. ఇనుపపెట్టె మీదే ఇంత కరుణ ఉన్న చోట మనిషి పిల్ల మీద ఎంత ఉంటుందో అని నేను ఆరేళ్ళుగా లెక్క వేస్తూనే ఉన్నాను. ఇంకా తేలలేదు. నా లెక్కల్లోనే ఎక్కడో తప్పుంది.

ఆ లెక్క మొదలైంది ఒక పిల్లతో. ఆ పిల్ల మంగాఫ్‌లో మేముండే భవనంలోనే, ఐదో అంతస్తు గదిలో పుట్టింది. తల్లిది రాయచోటి అవతల ఒక పల్లె. ఇంటిపనికి ఖద్దామా వీసా మీద వచ్చింది. ఏడు నెలలు జీతం ఇవ్వని ఇల్లు వదిలి బయటికొచ్చి, ఇక్కడి మన భాషలో కల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి అయింది. ఆస్పత్రికి పోతే బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు అడుగుతారు, బతాకా తర్వాత పెళ్ళికాగితం అడుగుతారు. కనుక ఆస్పత్రిని ఇబ్బంది పెట్టడం మర్యాద కాదని, పక్క గదిలో ఉండే రాజోలు పెద్దావిడ చేతుల మీదుగా కానిచ్చేసింది. తండ్రి అనే ఆయన అంతకు మూడు నెలల ముందు ‘ఊరికి పోయొస్తా’ అని వెళ్ళాడు. వస్తాడు. మాట ఇచ్చాడు గదా.

పాప పుట్టిందనడానికి ఉన్న దస్తావేజు ఒకటే. గోడ మీద వేలాడే తెలుగు కేలండర్‌లో 2018 నవంబరు పేజీ. కార్తీక మాసం. ఒకానొక గడిలో నీలం సిరాతో చుక్క పెట్టి ఉంది. చుక్క పెట్టింది రాజోలు పెద్దావిడ. ఆ గడిలో తిథి ఉంది, నక్షత్రం ఉంది, వర్జ్యం ఉంది, రాహుకాలం ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకానో ఉంది. భూమ్మీద ఏ ఆస్పత్రి ఇచ్చే జనన ధ్రువపత్రంలోనూ ఇన్ని వివరాలు ఉండవు. అయినా దాన్ని చూసిన అధికారులందరూ దాని సమగ్రతకు తట్టుకోలేక వెంటనే వెనక్కి ఇచ్చేశారు.

ముందుగా ఆతిథ్యమిచ్చిన దేశపు న్యాయాన్ని కీర్తించడం ఉప్పు తిన్నవాడి ధర్మం. కువైట్ 1991లోనే బాలల హక్కుల ఒడంబడికను ధ్రువీకరించింది. మనవాళ్ళు మరుసటి ఏడాది డిసెంబరులో చేరారు. 2015లో ఈ దేశం 21వ నంబరు చట్టంగా బాలల హక్కుల చట్టం చేసుకుంది. అదే ఏడాది 12వ నంబరు చట్టంతో గవర్నరేట్ గవర్నరేట్‌కూ కుటుంబ న్యాయస్థానం అన్నది. సరిగ్గా ఆ 2015లోనే మన పార్లమెంటు కూడా కొత్త బాల న్యాయ చట్టాన్ని ఆమోదించింది. అరేబియా సముద్రానికి అటొక తల్లి, ఇటొక తల్లి, ఒకే ఏడాది ఒకే బిడ్డ కోసం ఉయ్యాలలు కట్టుకున్నారన్నమాట. రెండు ఉయ్యాలల మధ్య కాస్త నీళ్ళున్నాయి, అంతే.

అయితే ఈ దేశపు దయకు పరాకాష్ఠ అంతకు చాలా ముందే, 1959 నాటి జాతీయతా చట్టం మూడో అధికరణంలో కనిపిస్తుంది. తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డ ఇక్కడ పుడితే ఆ బిడ్డ కువైటీయే అని అందులో రాసుకున్నారు. ఆహా! దిక్కులేని శిశువుకు దేశమే దిక్కు. చట్టాలు చదివి కళ్ళు చెమర్చడం నాకు అదే మొదటిసారి. ఆ చెమ్మ తుడుచుకున్నాక మా పాపలో ఉన్న లోపం బయటపడింది. ఆమెకు తల్లి ఉంది. అదీ దాచుకోదగ్గ తల్లి కాదు, రోజూ జడ వేస్తుంది, పేలు చూస్తుంది, నలుగురిలో ‘నా కూతురు’ అంటుంది. ఏ మసీదు మెట్ల మీదో రాత్రిపూట వదిలిపెట్టి వచ్చేసి ఉంటే ఆ బిడ్డ భవిష్యత్తు ఎంత బంగారంగా ఉండేదో ఆలోచించని ఆ తల్లి స్వార్థాన్ని నేను సమర్థించను.

తల్లినని రుజువు చేసుకోవడం కూడా ఇక్కడ వృథాపోయే పని కాదు. 1960 నాటి శిక్షాస్మృతి పెళ్ళి లేని సంబంధాన్ని నేరంగా చూస్తుంది. కనుక ‘ఈ పిల్ల నా కడుపున పుట్టింది’ అని కాగితం మీద సంతకం పెడితే, ఒకే సంతకంతో మాతృత్వమూ రుజువవుతుంది, నేరమూ రుజువవుతుంది. సాక్షులను పిలిపించే ఖర్చు లేదు, వాయిదాలు లేవు. సంతకం పెట్టకపోతే ఆమె పాపకు పరాయి మనిషి. పరాయి మనిషికి ఆ పిల్లను విమానం ఎక్కించే హక్కు ఎక్కడుంటుంది? పిల్లల రక్షణలో ఇంత జాగ్రత్త మరెక్కడా చూడం.

ఇక మాతృదేశం. మన 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్‌లో తల్లి ప్రేమ ఉట్టిపడుతుంది. 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన భారతీయుల బిడ్డ పుట్టుకను అక్కడి మన దౌత్య కార్యాలయంలో ఏడాదిలోగా నమోదు చేయిస్తే బిడ్డ మన పౌరురాలు. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఒక ఏడాది! అన్నప్రాసన అయి, పళ్ళొచ్చి, తప్పటడుగులు వేసేదాకా చట్టం ఓపికపట్టి కూర్చుంటుంది. తెల్లవారితే పోలీసుల తనిఖీ అని, చీకటి పడితే గది అద్దె అని అట్టపెట్టెల చాటున బతికే ఆడమనిషి ఆ ఏడాదిలో ఒక పూట తీరిక చేసుకోలేకపోయిందంటే సోమరితనం కాక మరేమిటి?

బాల న్యాయ చట్టం గురించి ఎంత చెప్పినా తక్కువే. రక్షణ అవసరమైన బిడ్డ కనిపిస్తే 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలట. ఎంత తొందర! పైగా ప్రయాణానికి పట్టే సమయాన్ని ఆ 24 గంటల నుంచి మినహాయించారు. ఆ మినహాయింపు రాసిన మహానుభావుడికి నేను రుణపడి ఉన్నాను. మా పాప ప్రయాణానికి ఆరేళ్ళు పట్టింది, ఇంకా పడుతోంది. కాబట్టి గడువు ఇంకా దాటలేదు. ఎవరూ ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదు. అదే చట్టం 95వ సెక్షన్ ఇంకా ముద్దొస్తుంది. ఒక కమిటీ ముందుకు వచ్చిన బిడ్డది వేరే ప్రాంతమని తేలితే, ఆ ప్రాంతపు కమిటీకి అప్పగించాలి, వెంట వెళ్ళే సిబ్బందికి ప్రయాణ భత్యం ముందుగానే చెల్లించాలి. ముందుగానే! ప్రభుత్వ భత్యం ముందుగా చేతికందే చోటు ఈ చట్టంలో ఉందని తెలిస్తే మా మేనమామ ఉద్యోగ విరమణ చేసి ఉండేవాడు కాదు. కడప నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి కలబురగికి పిల్లల్ని ఇలా పల్లకీలో మోయగల చట్టం, భారతదేశమంతటికీ వర్తిస్తుందని మొదటి సెక్షన్‌లోనే వినయంగా చెప్పుకుంది. ‘అంతటికీ’ అన్న మాటలో ఎంత ఔదార్యం ఉందో చూడండి. అంతకు మించి అనలేదన్న దానిలో ఎంత వినయం ఉందో అదీ చూడండి. ఆంజనేయుడు సముద్రం దాటగలిగాడంటే ఆయనకు మొదటి సెక్షన్ లేకపోబట్టే.

ఊళ్ళో పాప అమ్మమ్మ ఉంది. చదువు లేని మనిషి, ప్రేమ ఎక్కువ, అందువల్ల కోర్టుకు వెళ్ళింది. అక్కడ 1890 నాటి సంరక్షకుల చట్టం, నూటపాతికేళ్ళు దాటినా చెక్కుచెదరని తొమ్మిదో సెక్షన్‌తో ఆమెకు దర్శనమిచ్చింది. మైనరు మామూలుగా నివసించే చోటి జిల్లా కోర్టుకే సంరక్షణ పిటిషన్ మీద అధికారం. వకీలు మంచివాడు, ఫీజులో సగం తగ్గించాడు, విషయం కూడా అంతే తేలికగా చెప్పాడు. “అవ్వా, ముందు పిల్లను ఈడికి తీసకరా. అప్పుడు పిల్లను తెప్పించమని పిటిషన్ ఏస్తాం.” అవ్వ తలూపి వచ్చేసిందట. ఫోనులో కూతురికి చెబుతూ, “ఆయప్ప బాగ చెప్పినాడు మే, నాకే అర్థం కాలే” అంది. మహావాక్యాలు మొదటి శ్రవణంలో ఎవరికి అర్థమయ్యాయి?

ఇక్కడ మా తిరుగుడు కూడా విన్నవించుకోవాలి. తమరి సన్నిధుల్లో నేను, పాప, పాప తల్లి గడిపిన పూటలు మా జీవితాల్లో పుణ్యతిథులు. కార్యాలయాల పేర్లు చెప్పను, దిష్టి తగులుతుంది. ఒక చోట గాజు పలక వెనక కూర్చున్న పెద్దాయన కేలండర్ పేజీని అటూ ఇటూ తిప్పి, వెనక వైపు ఉన్న అప్పడాల ప్రకటన కూడా చదివి, “ఇది ఇక్కడి విషయం కాదు” అన్నాడు. ఎక్కడి విషయం అని అడిగాను. “ఇక్కడిది మాత్రం కాదు” అని మళ్ళీ స్పష్టంగా చెప్పాడు. నేతి నేతి అంటూ ఉపనిషత్తులు బ్రహ్మాన్ని వర్ణించిన పద్ధతిని నేను పుస్తకాల్లోనే చదివాను, ఆచరణలో అక్కడే చూశాను. ఇంకో చోట, పాప పౌరసత్వం తేలితే సాయం చేస్తామన్నారు. మరో చోట, ఎవరైనా సాయం చేస్తే పౌరసత్వం తేలుస్తామన్నారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి, ఎంత చక్కటి జంటకవిత్వం!

బతాకా లేని పిల్లకు ఇక్కడ బడి లేదు. ఆ లోటును కూడా తమరే తీర్చారు. ప్రతి కార్యాలయంలోనూ టోకెన్ ఇస్తారు గదా, ఆ చీటీలన్నీ పాప దాచుకుంది. వాటికి దారం గుచ్చి దండ చేసుకుంది. నూరు దాకా అంకెలు ఆ టోకెన్ల మీదే నేర్చింది. 41 చూపిస్తే ‘ఏసీ బాగుండేది’ అంటుంది. 87 చూపిస్తే ‘బిస్కెట్ ఇచ్చిన అంకుల్’ అంటుంది. వంద దాటిన అంకెలు రావు. తొంభైల్లోనే వాళ్ళు భోజనానికి లేచేవారు.

కొందరు అజ్ఞానులు తమరికి పిల్లలంటే ప్రేమ లేదంటారు. వాళ్ళ నోళ్ళు మూయించడానికి నా దగ్గర ఒక నిదర్శనం ఉంది. 2019 మార్చిలో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక తెలుగు దంపతుల వ్యాజ్యం. పెన్సిల్వేనియాలో పెరుగుతున్న ఇద్దరు పసివాళ్ళు, హైదరాబాద్ తీసుకొచ్చిన తల్లి, అమెరికా కోర్టుకెక్కిన తండ్రి. అక్కడి కోర్టు పిల్లలు మా పరిధిలోని వాళ్ళంది. ఇక్కడ హైదరాబాద్‌లో కూడా పిటిషన్ పడింది. ‘మామూలుగా నివసించే చోటు’ అంటే ఏమిటో, ఇంటి సామాను ఎక్కడుందో, బడి ఎక్కడుందో, డాక్టరు ఎవరో పెద్దపెద్ద న్యాయవాదులు తవ్వి తీశారు. చివరికి ఆ పిల్లలు మామూలుగా ఉండేది అమెరికాలోనే, తిరిగి పంపండి అన్నారు. దానికి ముందు 2015లో ఒకలా, 2017లో ఇంకోలా, విదేశీ కోర్టు మాటకు ఎంత విలువ, పిల్లల మేలుకు ఎంత విలువ అన్నది సుప్రీంకోర్టే తూచి, మళ్ళీ తూచింది. ఆ త్రాసు బంగారంది. అందులో తూగాలంటే ముందు పిల్లలకు పాస్‌పోర్టులుండాలి, రెండు దేశాల్లో రెండు ఇళ్ళుండాలి, ఇద్దరు తల్లిదండ్రులు రెండు వైపులా లాగాలి. అప్పుడు రెండు కోర్టులూ ‘నాది, నాది’ అంటాయి. మా పాప విషయంలోనూ రెండు దేశాలూ అంతే శ్రద్ధగా మాట్లాడాయి. ఒకే ఒక్క అక్షరం తేడా. ‘నీది, నీది’ అన్నాయి. ఇంతటి త్యాగబుద్ధి రామభరతుల తర్వాత నేను చూడలేదు. రాజ్యం నీదంటే నీదని అన్నదమ్ములు వాదించుకుంటుంటే మధ్యలో పాదుకలైనా సింహాసనం ఎక్కాయి. పాపవి రబ్బరు చెప్పులు, అవీ ఒకటి తెగింది.

కోర్టుల పుస్తకాల్లో ఒక లాటిన్ మాట ఉంది, పేరెన్స్ పేట్రియే. తల్లిదండ్రులు లేని బిడ్డకు కోర్టే తండ్రి అని అర్థం చెబుతారు. నాకు వెంటనే మా పాప తండ్రి గుర్తొచ్చాడు. ఆయనా పరిధి దాటగానే బాధ్యత ముగిసిందని నమ్మిన మనిషే. ఇద్దరిదీ ఒకే గోత్రమేమోనని నా అనుమానం.

స్వామిని కొలిచి దేవేరిని మరిస్తే ఆ పూజ ముట్టదు. తమరి అర్ధాంగి శ్రీమతి నిధి గారి పాతివ్రత్యం లోకవిదితం. పతి అడుగు పెట్టని చోట ఆవిడ నీడ కూడా పడదు. విదేశాల్లో ఆపదలో పడ్డ భారతీయుల కోసం 2009లో సమాజ సంక్షేమ నిధి వెలసింది. 2017 సెప్టెంబరు నుంచి కొత్త నియమాలతో ఇంకా విశాలమైంది. బస, భోజనం, విమాన టికెట్, న్యాయసహాయం, చిన్నచిన్న జరిమానాలు, చివరికి శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు కూడా అందులోంచి పెట్టవచ్చు. ఆ నిధికి డబ్బెక్కడిదని అడిగేవాళ్ళకు చెబుతున్నాను. మేం పాస్‌పోర్టు కొత్తది చేయించుకున్నప్పుడల్లా, ఏదైనా కాగితం మీద ముద్ర వేయించుకున్నప్పుడల్లా, రుసుము మీద కొంత అదనంగా చెల్లిస్తాం. కల్లివల్లి కాకముందు పాప తల్లి కూడా చెల్లించింది. అంటే ఆవిడ ఆ హుండీలో కానుక వేసిన భక్తురాలే. పాప మాత్రం ఇంతవరకూ పైసా చెల్లించలేదు. పాస్‌పోర్టు లేదు గనుక రుసుము లేదు, రుసుము లేదు గనుక హుండీతో పరిచయం లేదు. బతికుండి కాగితం లేని మనిషి కంటే చచ్చిపోయి కాగితం ఉన్న మనిషి ఇంటికి త్వరగా చేరతాడని మా క్యాంపులో కుర్రాళ్ళు అంటుంటారు. పెద్దల మాట విని పెరిగినవాళ్ళు కారు, పట్టించుకోకండి.

శ్రీమతి నిధి గారికి నాలుగు వేలు అన్న అంకె ఎందుకో ఇష్టం. విదేశంలో భర్త వదిలేసిన భారతీయ స్త్రీకి న్యాయ ఖర్చుల కోసం కేసుకు 4,000 డాలర్ల దాకా ఇస్తారు. డబ్బు ఆమె చేతికిచ్చి చెడగొట్టరు, న్యాయవాదికో సంస్థకో అందుతుంది. వదిలేయడం అన్న ఘట్టం పాప తల్లి జీవితంలో నిక్కచ్చిగా జరిగింది. ముందు జరగాల్సిన పెళ్ళి ఒక్కటే జరగలేదు. ఇంటి దగ్గర మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కేంద్రం అరవై పాళ్ళు, రాష్ట్రం నలభై పాళ్ళు. ఒక బిడ్డను ఇంత కచ్చితంగా పంచుకున్న ఉమ్మడి కుటుంబాలు మా రాయలసీమలో కూడా తక్కువ. దీనికి కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. షుఐబా ‘ఇతర చోట్ల’లోకి వస్తుందేమోనని ఒక రాత్రంతా నేను సంతోషంగా గడిపాను. ఆ సంతోషానికి కూడా ఖజానా మీద భారం పడలేదు.

ఇన్ని దేశాల నడుమ పడే పిల్లల సంగతి పెద్దలకు తెలియకపోలేదు. 1980లో హేగ్ నగరంలో ఒక ఒప్పందం రాసుకున్నారు. మన దేశం దాన్ని చూస్తూనే ఉంది. 2009లో లా కమిషన్ 218వ నివేదికలో చేరమంది. 2016లో 263వ నివేదికలో బిల్లు ముసాయిదాను సరిచేసి మరీ ఇచ్చింది. 2018లో ఇంకో కమిటీ ఇంకో నివేదిక ఇచ్చింది. పచ్చడికి మామిడికాయను ఎంచుకునే ఇల్లాలు కూడా ఇంత నిదానంగా ఎంచుకోదు. మా పాప లాంటి కాగితం లేని పిల్లల ఊసు ఆ ఒప్పందంలో లేదనుకోండి. అయినా పెద్దల ఆలోచన పద్ధతి తెలియడానికి చెప్పాను.

2020 ఏప్రిల్‌లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా వద్దు, టికెట్ కూడా మేమే ఇస్తాం, వెళ్ళిపోండి అంది. అదే సమయంలో మన దేశం కరోనా కారణంగా అంతర్జాతీయ విమానాలు దిగకుండా ఆకాశం మూసింది. ఒకరు తలుపు తెరిచారు, ఒకరు గడియ పెట్టారు, ఇద్దరూ మన మేలు కోరే. క్షమాభిక్షకు పేరిచ్చిన వేలమంది క్యాంపుల్లో వారాల తరబడి విమానం కోసం కూర్చున్నారు. ఏడాదిన్నర పిల్లను చంకన వేసుకుని పాప తల్లి ఆ క్యాంపు గేటు దాకా పోయి, ‘పిల్ల కాగితం ఏది’ అన్న ప్రశ్న విని తిరిగొచ్చింది. 2024 మార్చి 17 నుంచి మళ్ళీ క్షమాభిక్ష. మూడు నెలలన్నారు, తర్వాత జూన్ 30 దాకా పెంచారు. ఈసారి తల్లికి దేశం వదిలి పోయే ఔట్‌పాస్ వచ్చింది. తెల్ల కాగితం, ఫొటో, ముద్ర, అన్నీ సక్రమంగా. ఒక్కరికే.

ఆ రాత్రి ఆవిడ మా గది గుమ్మంలో నిలబడి, “అన్నా, నన్ను పొమ్మంటాండారు. పాపను ఏమనడంలే. అంటే దాన్ని ఉండమంటాండారా?” అని అడిగింది. నేను ఇంత చదువుకున్నవాణ్ణి, చట్టాలు ఇన్ని సెక్షన్లుగా వల్లెవేసినవాణ్ణి, జవాబు చెప్పలేక టీ పెట్టాను. పొమ్మనలేదు, ఉండమనలేదు. ఒక ఐదున్నరేళ్ళ పిల్లకు ఇంతటి స్వేచ్ఛ ఇచ్చిన రాజ్యాలు చరిత్రలో ఉన్నాయేమో వెతకాలి. ఆవిడ ఔట్‌పాస్‌ను మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది. జూన్ 30 వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళలేదు.

స్తోత్రానికి ఫలశ్రుతి లేకపోతే దోషమంటారు. కనుక, ఈ స్తోత్రాన్ని త్రికాలాల్లోనూ పఠించినవారికి సకల కార్యాలయాల్లో మొదటి టోకెన్, గాజు పలక అవతలి నుంచి చిరునవ్వు, కోరిన కాగితాలన్నీ కోరినన్ని నకళ్ళు లభించును. అయితే ఈ ఫలం పఠించినవారు మామూలుగా నివసించే చోట మాత్రమే సిద్ధించును. మామూలుగా నివసించే చోటు ఏదన్న వివాదం తలెత్తితే సంబంధిత అధికారిని సంప్రదించవలెను.

నిధి గారి లెక్కల కోసం ఒక సంగతి మిగిలిపోయింది. పాప రక్షణ కింద ఇప్పటివరకూ అయిన ఖర్చు వివరం. కేలండర్ పేజీ అంచులు చిరుగుతున్నాయని మొన్న ఫహాహీల్‌లో ఒక జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను. 250 ఫిల్సులు. షాపు మలయాళీ కుర్రాడు వెనక అప్పడాల ప్రకటన కనబడాలా వద్దా అని అడిగాడు. రెండు వైపులా కనబడేట్టే చేయమన్నాను. పాప దాన్ని లైటుకు ఎత్తి పట్టుకుని చూసి, నీలం చుక్క మీద వేలు పెట్టి, “మామా, ఇది నేనే గదా?” అంది. ఆ మర్నాడే కాగితాన్ని ఒక కార్యాలయానికి తీసుకెళ్ళాం. లామినేషన్ చేసిన పత్రాలను అసలు ప్రతిగా పరిగణించరట. టోకెన్ నంబరు 63.